క్రోమ్ తెరిస్తే యాడ్స్ గోల: డీటీపీ సెంటర్ సిస్టమ్‌ను ఫార్మాట్ కొట్టకుండా బాగు చేసుకోవడం ఎలా?

ఏడురోడ్ల_డీటీపీ (కడప)

అందరికీ నమస్కారం. కడపలో ఏడు రోడ్ల దగ్గర మాకు చిన్న డీటీపీ, ఇంటర్నెట్ సెంటర్ ఉంది. నేనూ మా ఆయనా చూసుకుంటాం. ఉన్నవి రెండు సిస్టమ్‌లు. కలర్ ప్రింటర్ తగిలించిన సిస్టమ్‌కు కొన్నాళ్లుగా ఏదో పట్టుకుంది.

పని చేస్తుంటే కుడివైపు కింది మూలన డబ్బాలు లేస్తాయి. మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లీన్ చేయండి అని ఒకటి, రమ్మీ ఆడమని ఇంకొకటి, ఆడవాళ్ల ఫోటోలతో మరొకటి. కౌంటర్ ముందు ఇంటర్ పిల్లలు, వాళ్ల నాన్నలు నిలబడి ఉంటారు. వాళ్ల ఎదురుగా ఆ ఫోటోలు లేస్తుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. క్రోమ్ తెరిస్తే మొదటి పేజీ గూగుల్ రావడం మానేసింది. ఏదైనా వెతికితే పేరు తెలియని సైటు ఒకటి తళుక్కుమని మాయమై, వేరే సెర్చ్ పేజీకి పోతుంది. పైన నాలుగు వరుసలూ యాడ్లే.

డబ్బు కట్టి కొన్న యాంటీవైరస్ ఉంది. ఫుల్ స్కాన్ పెడితే అంతా బాగుందని పచ్చ టిక్కు చూపిస్తుంది. సిస్టమ్‌లు బాగుచేసే ఒక షాపులో అడిగితే ఫార్మాట్ తప్ప దారి లేదన్నారు. ఫార్మాట్ అంటేనే టెన్షన్. అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ సెట్టింగులు, ఏళ్లుగా చేసిన పెళ్లి కార్డుల ఫైళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి. అంతకంటే పెద్ద భయం, జనం మా దగ్గర ఆధార్ నంబరు, బ్యాంకు ఓటీపీ నమ్మి చెప్తారు. ఈ సిస్టమ్ మీద ఆ పనులు చేయొచ్చా?

బురుజు_సర్వీస్ (కర్నూలు)

అక్కా, చివరి ప్రశ్నకు ముందు జవాబు. చేయొద్దు. ఇది తేలేదాకా ఓటీపీ, ఫీజు పేమెంట్ పనులన్నీ రెండో సిస్టమ్ మీదే చేయండి. ఫార్మాట్ మాత్రం ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన లక్షణాల్లో తొంభై పాళ్లు ఫార్మాట్ లేకుండానే పోతాయి.

మీ దగ్గర ఒకటి కాదు, రెండు జబ్బులున్నాయి. మూలన లేచే డబ్బాలు వేరు, సెర్చ్ మారిపోవడం వేరు. రెండూ కలిపి చూస్తే దారి తప్పుతాం. మూడు విషయాలు చూసి చెప్పండి. ఆ డబ్బా కింద క్రోమ్ పేరు, ఒక సైటు పేరు సన్నగా కనిపిస్తున్నాయా? క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్స్, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాముల పేజీ తెరిస్తే మీరు వేయనివి ఏమైనా ఉన్నాయా, వాటికి రిమూవ్ బటన్ ఉందా? కుడివైపు మూడు చుక్కల మెనూ చివర, మీ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోంది అని ఆంగ్లంలో ఒక లైను ఉందా?

ఏడురోడ్ల_డీటీపీ (కడప)

చూశాను అన్నా. డబ్బా కింద క్రోమ్ పేరు ఉంది, ఏదో అర్థం కాని అక్షరాలతో సైటు పేరు ఉంది. ఎక్స్‌టెన్షన్స్‌లో సెర్చ్ అనే మాటతో ఒకటి ఉంది, మేము వేసింది కాదు. దానికి రిమూవ్ బటనే లేదు, ఆన్ ఆఫ్ గుర్తు కూడా బూడిదరంగులో ఉంది, నొక్కితే కదలదు. మీరు చెప్పిన సంస్థ లైను కూడా ఉంది. మాకు ఏ సంస్థా లేదు, ఇది మా సొంత సిస్టమ్.

క్లాక్‌టవర్_కుర్రోడు (అనంతపురం)

అక్కా, ఆ డబ్బాల సంగతి నేను చెప్తాను, మా హాస్టల్‌లో సగం ల్యాప్‌టాప్‌లకు ఇదే. అది వైరస్ కాదు. ఏదో సైటు నోటిఫికేషన్లు పంపిస్తానని అడిగితే ఎవరో అలో నొక్కారు. అంతే, ఆ సైటు మూసేసినా మన సిస్టమ్‌కు యాడ్లు పంపుతూనే ఉంటుంది.

రిజల్ట్స్ రోజున ఇది ఎక్కువ జరుగుతుంది. అసలు సైటు బరువెక్కి తెరుచుకోదు. పిల్లలు గూగుల్‌లో కనబడిన ప్రతి లింకూ నొక్కుతారు. ఒక పేజీలో తిరిగే చక్రం, కింద "మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి" అని ఉంటుంది. అది నిజమైన పరీక్ష కాదు. నిజమైన రోబో పరీక్షకు పేజీలోనే టిక్కు పెట్టమంటారు, బొమ్మలు గుర్తుపట్టమంటారు. పైన అడ్రస్ బార్ దగ్గర బ్రౌజర్ చూపించే చిన్న పెట్టెలోని అలోకూ దానికీ సంబంధం లేదు.

తీసేయడం సులువు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దాంట్లో సైట్ సెట్టింగ్స్, దాంట్లో నోటిఫికేషన్స్. కిందికి వస్తే అనుమతి ఇచ్చిన సైట్ల జాబితా ఉంటుంది. మీకు తెలియనివన్నీ తీసేయండి. అదే పేజీలో పైన, ఏ సైటునూ నోటిఫికేషన్లు పంపనివ్వొద్దు అనే ఆప్షన్ ఎంచుకోండి. సెంటర్ సిస్టమ్‌కు నోటిఫికేషన్లతో పనే లేదు కదా. ఎడ్జ్ వాడుతుంటే దాంట్లో కూడా చూడాలి.

ప్రొద్దుటూరు_బంగారం (ప్రొద్దుటూరు)

ఇంత తిప్పలెందుకు అక్కా? క్రోమ్ అన్ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకుంటే సరిపోదా? మా అంగట్లో అలాగే చేస్తాం.

బురుజు_సర్వీస్ (కర్నూలు)

ఈ కేసులో సరిపోదన్నా. రిమూవ్ బటన్ లేదంటే ఆ ఎక్స్‌టెన్షన్‌ను పాలసీ ద్వారా బలవంతంగా ఎక్కించారు. పెద్ద కంపెనీల్లో ఐటీ వాళ్లు వందల సిస్టమ్‌లకు ఒకేసారి సెట్టింగులు పెట్టడానికి గూగుల్ ఇచ్చిన సౌకర్యం అది. యాడ్‌వేర్, అంటే బలవంతంగా యాడ్లు చూపించే సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు అదే దారి వాడుకుంటున్నారు. ఆ పాలసీ విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఉంటుంది, క్రోమ్‌లో కాదు. క్రోమ్‌ను ఎన్నిసార్లు తీసి వేసినా, తెరవగానే పాలసీ చదివి ఎక్స్‌టెన్షన్‌ను మళ్లీ తెచ్చుకుంటుంది. దానికి తోడు గూగుల్ అకౌంట్‌తో సింక్ ఆన్‌లో ఉంటే మారిన సెట్టింగులు అక్కడి నుంచి కూడా దిగొచ్చు.

అక్కా, ఇప్పుడు వరుస ముఖ్యం. బ్రౌజర్ చివర్లో. ముందు దాన్ని తెచ్చినవాడిని పట్టుకోవాలి.

మొదట క్రోమ్‌లో సింక్ ఆపండి. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్ తెరిచి, ఇన్‌స్టాల్ అయిన తేదీ అనే కాలమ్ మీద నొక్కండి. తేదీల వరుసలో వస్తాయి. ఈ గోల మొదలైన రోజుల్లో ఏమేం దిగాయో చూడండి. ఒకే రోజున మూడు నాలుగు పేర్లు, వాటిలో కొన్ని మీరెప్పుడూ విననివి ఉంటే, అక్కడే ఉంది మూలం. వాటిని అన్ఇన్‌స్టాల్ చేయండి. అన్ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కూడా కొన్ని "నిజంగా వెళ్తారా, ఇంకోటి ఇస్తాం" అంటూ బటన్లు తారుమారు చేస్తాయి. ప్రతి తెర చదివి నొక్కండి.

అది అయ్యాక యాడ్‌వేర్‌ను ఏరిపారేసే యాడ్‌వ్‌క్లీనర్ అనే టూల్ దించుకోండి. ఉచితం, చిన్న ఫైలు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. 2016లో దాన్ని మాల్‌వేర్‌బైట్స్ కంపెనీ తీసుకుంది, కాబట్టి ఆ కంపెనీ సొంత సైటు నుంచే దించాలి. గూగుల్‌లో పేరు కొట్టి, పైన స్పాన్సర్డ్ అని వచ్చే లింకు నొక్కొద్దు. క్లీనర్ పేరుతోనే యాడ్‌వేర్ అంటగట్టే సైట్లు ఉన్నాయి. మీ సిస్టమ్‌లో సెర్చ్ ఎలాగూ చేతిలో లేదు కాబట్టి రెండో సిస్టమ్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి.

పాఠాల_పంతులు (అనంతపురం)

కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ని. యాంటీవైరస్ పచ్చ టిక్కు ఎందుకు చూపిస్తుందో అమ్మాయి అడిగింది కదా, అది చెప్పాలి.

వైరస్ దొంగచాటుగా దూరుతుంది. యాడ్‌వేర్ చాలాసార్లు మన చేత ఐ అగ్రీ నొక్కించుకుని, అనుమతి పత్రం చేతిలో పెట్టుకుని వస్తుంది. "వాళ్లే ఒప్పుకుని వేసుకున్నారు, మీరెలా అడ్డుకుంటారు" అని ఆ కంపెనీలు యాంటీవైరస్ వాళ్ల మీద కోర్టులకు వెళ్లాయి. జాంగో అనే యాడ్‌వేర్ కంపెనీ కాస్పర్‌స్కీ మీద అమెరికాలో వేసిన కేసు 2009లో అప్పీళ్ల కోర్టులోనూ ఓడిపోయింది. వినియోగదారుడి కోసం ఏది అడ్డుకోవాలో నిర్ణయించుకునే రక్షణ సెక్యూరిటీ కంపెనీకి ఉంటుందని తేలింది. అయినా ఈ రకాన్ని సూటిగా వైరస్ అనకుండా "అవసరం లేనిది కావచ్చు" అనే వేరే గంపలో వేసే పద్ధతి ఉంది. కొన్ని యాంటీవైరస్‌లలో ఆ గంపను పట్టుకునే సెట్టింగ్ విడిగా ఆన్ చేసుకోవాలి. మీరు కొన్నదాంట్లో అది ఆఫ్‌లో ఉందేమో చూడండి.

విండోస్‌లో ఉచితంగా వచ్చే డిఫెండర్‌కు కూడా ఇలాంటి స్విచ్ ఉంది. విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, దాంట్లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్. విండోస్ 10కు 2020 మే అప్‌డేట్‌తో వచ్చింది. అందరూ ఒకసారి తెరిచి ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఏడురోడ్ల_డీటీపీ (కడప)

నోటిఫికేషన్లు తీసేశాను తమ్ముడూ. జాబితా చూస్తే గుండె ఆగినంత పనైంది, స్క్రీన్ కిందికి లాగుతూనే ఉన్నా అయిపోలేదు. డబ్బాలు ఆగిపోయాయి. చాలా చాలా థాంక్స్.

తేదీల వరుస చూశాక విషయం బోధపడింది అన్నా. ప్రింటర్ డ్రైవర్ వేసిన రోజునే ఇంకా మూడు దిగాయి. డ్రైవర్లు అప్‌డేట్ చేస్తానని ఒకటి, పీడీఎఫ్ మార్చే టూల్ ఒకటి, వాతావరణం చూపించేది ఒకటి. పనికి పెట్టుకున్న అబ్బాయి ఆరోజు డ్రైవర్ కోసం గూగుల్‌లో వెతికాడట. మూడూ తీసేశాను. యాడ్‌వ్‌క్లీనర్ నడిపితే ఇంకా బోలెడన్ని పట్టి క్వారంటైన్‌లో పెట్టింది. రీస్టార్ట్ చేశాను. సెర్చ్ బాగైంది.

అయితే సాయంత్రానికి ఆ ఎక్స్‌టెన్షన్ మళ్లీ వచ్చి కూర్చుంది! బ్రౌజర్ తెరవకుండానే తనంతట తానే ఒక యాడ్ పేజీ కూడా తెరుచుకుంది.

బురుజు_సర్వీస్ (కర్నూలు)

తనంతట తానే తెరుచుకుంది అన్నారు కదా, అదే గుర్తు. పెట్టిన వేళకు ప్రోగ్రాములను నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో కాపలా పెట్టి పోయింది.

స్టార్ట్‌లో టాస్క్ షెడ్యూలర్ అని వెతికి తెరవండి. ఎడమవైపు టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ మీద నొక్కితే మధ్యలో జాబితా వస్తుంది. ఒక్కోదాన్ని నొక్కి, కింద యాక్షన్స్ ట్యాబ్ చూడండి. అక్కడ ఏ ఫైలు నడుస్తుందో రాసి ఉంటుంది. గూగుల్ అప్‌డేట్, ఎడ్జ్ అప్‌డేట్, ప్రింటర్ కంపెనీవి ఉంటాయి, వాటిని ముట్టుకోవద్దు. యాప్‌డేటా ఫోల్డర్‌లోంచి అర్థం లేని అక్షరాల పేరుతో ఏదైనా నడుస్తుంటే, లేదా బ్రౌజర్ పేరు పక్కనే ఒక వెబ్ అడ్రస్ ఉంటే, అదే. ముందు డిసేబుల్ చేయండి, ఒక రోజు చూసి డిలీట్ చేయండి. తెలియనిది కనిపిస్తే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, తొందరపడొద్దు.

తర్వాత పాలసీ. అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని ఆంగ్లంలో కొడితే ఏ పాలసీలు పెట్టారో చూపిస్తుంది. కొన్ని యాంటీవైరస్‌లు కూడా తమ పాలసీ పెడతాయి, అందుకే ముందు చూడాలి. ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్ అనే పేరు ఉంటే, దాని ఎదురుగా పొడుగాటి అక్షరాల గుర్తు ఉంటుంది. మీ మొండి ఎక్స్‌టెన్షన్ ఐడీ అదే అయితే దొంగ దొరికినట్టే. ఇక రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషిన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ దాకా వెళ్లండి. ముందుగా ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ కొట్టి ఒక కాపీ దాచుకోండి. ఆ తర్వాతే ఫోర్స్‌లిస్ట్ తీసేయండి. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద కూడా అదే దారిలో చూడాలి. చాలామంది ఆ రెండోది మర్చిపోతారు.

ఇంకో మూల కూడా ఉంది. డెస్క్‌టాప్ మీది క్రోమ్ బొమ్మపై కుడి క్లిక్, ప్రాపర్టీస్. టార్గెట్ పెట్టెలో చివర క్రోమ్ డాట్ ఈఎక్స్‌ఈ, కొటేషన్ గుర్తుతో ఆగిపోవాలి. దాని తర్వాత ఏదైనా వెబ్ అడ్రస్ తగిలించి ఉంటే చెరిపేయండి. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ పేజీ కూడా చూడండి, మన ఇంటర్నెట్‌ను వేరే కంప్యూటర్ మీదుగా తిప్పే సెట్టింగ్ అది. మీరు పెట్టని ప్రాక్సీ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి.

ఇవన్నీ అయ్యాక క్రోమ్ సెట్టింగ్స్‌లో రీసెట్ కొట్టండి. బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు పోవు. ఆఖరున డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. విండోస్ మొదలవకముందే స్కాన్ చేస్తుంది, పావుగంట పడుతుంది. పని సేవ్ చేసుకుని పెట్టండి, వెంటనే రీస్టార్ట్ అవుతుంది.

ఆదోని_పత్తి (ఆదోని)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మా మామకు వేరే రకం వచ్చిందన్నా. స్క్రీన్ మొత్తం నీలంగా అయిపోయి, బీప్ బీప్ అని అరుస్తూ, సిస్టమ్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని వచ్చింది. మైక్రోసాఫ్ట్ పేరు కూడా ఉంది. ఆయన కంగారుపడి ఫోన్ చేయబోయాడు, నేను ఆపేశాను. ఇదీ యాడ్‌వేరేనా?

పాఠాల_పంతులు (అనంతపురం)

ఆపి చాలా మంచిపని చేశావు నాయనా. యాడ్ లింకుల్లోంచే వచ్చే దొంగ పేజీ అది. సిస్టమ్ లాక్ కాలేదు, బ్రౌజర్ ఫుల్ స్క్రీన్‌లోకి వెళ్లింది, అంతే. ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టుకుంటే ఫుల్ స్క్రీన్ పోతుంది. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు రిస్టోర్ చేయమంటారా అంటే వద్దనండి.

మైక్రోసాఫ్ట్ అసలు ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబరు ఉండదని ఆ కంపెనీయే చెప్పింది. నంబరు కనిపించిందంటే అది దొంగదే. ఫోన్ చేస్తే రిమోట్ యాప్ వేయించి బ్యాంకు ఖాతా తెరిపిస్తారు. ఎవరైనా అప్పటికే డబ్బు పోగొట్టుకుంటే సిగ్గుపడి ఊరుకోకూడదు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

క్లాక్‌టవర్_కుర్రోడు (అనంతపురం)

ఎక్స్‌టెన్షన్ల గురించి ఒక మాట. మంచిదని వేసుకున్నది కూడా తర్వాత చెడిపోవచ్చు. ది గ్రేట్ సస్పెండర్ అని ట్యాబ్‌లను నిద్రపుచ్చే ఎక్స్‌టెన్షన్ ఉండేది, లక్షల మంది వాడేవాళ్లు. 2020లో దాన్ని చేసినాయన వేరేవాళ్లకు అమ్మేశాడు. 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్ ఉందని గూగుల్ దాన్ని ఆపేసింది. వేసినవాళ్లు ఏ తప్పూ చేయలేదు, చేతులు మారాయంతే. అందుకే నేను యాడ్ బ్లాకర్ ఒక్కటే ఉంచుకున్నా. క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ ఇప్పుడు నడవదు, దాని లైట్ వెర్షన్ నడుస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి వెర్షన్ నడుస్తుంది.

ప్రొద్దుటూరు_బంగారం (ప్రొద్దుటూరు)

యాడ్ బ్లాకర్ వేస్తే కొన్ని గవర్నమెంట్ సైట్లలో పేమెంట్ పేజీ తెరుచుకోదు తమ్ముడూ. మా అంగట్లో అనుభవమే.

క్లాక్‌టవర్_కుర్రోడు (అనంతపురం)

నిజమే అన్నా, పాప్అప్ అవసరమైన పేజీల్లో అప్పుడప్పుడు అడ్డం పడుతుంది. ఆ ఒక్క సైటుకు మాత్రం ఆఫ్ చేసుకుంటే సరి. మొత్తం తీసేయకండి. యాడ్ కనబడకపోతే దొంగ డౌన్‌లోడ్ బటన్ కూడా కనబడదు, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఏడురోడ్ల_డీటీపీ (కడప)

దొరికింది అన్నా! టాస్క్ షెడ్యూలర్‌లో గంట గంటకూ నడిచేది ఒకటి ఉంది, యాక్షన్స్‌లో యాప్‌డేటా దారి, పేరంతా పిచ్చి అక్షరాలు. డిసేబుల్ చేశా. పాలసీ పేజీలో మీరు చెప్పిన ఫోర్స్‌లిస్ట్ ఉంది, ఐడీ సరిపోయింది. కాపీ దాచుకుని, రెండుచోట్లా తీసేశా. వెంటనే రిమూవ్ బటన్ వచ్చింది. దాన్ని నొక్కినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. షార్ట్‌కట్ బాగానే ఉంది. ఆఫ్‌లైన్ స్కాన్ కూడా అయిపోయింది. ఇప్పటిదాకా మళ్లీ ఏమీ రాలేదు.

ఇక మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పండి. మాది నలుగురూ వచ్చి కూర్చునే చోటు. ప్రతి ఒక్కరి వెనకా నిలబడి చూడలేం.

బురుజు_సర్వీస్ (కర్నూలు)

శభాష్ అక్కా. పాస్‌వర్డ్‌లు మార్చడం మర్చిపోవద్దు, ముఖ్యంగా సెంటర్ జీమెయిల్‌ది. రెండో సిస్టమ్ నుంచి మార్చండి.

సెంటర్‌కు పనికొచ్చే మందు రెండు. ఒకటి, విండోస్‌లో కస్టమర్ల కోసం స్టాండర్డ్ యూజర్ అకౌంట్ విడిగా పెట్టండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ ఇద్దరికే తెలియాలి. ఏదైనా సాఫ్ట్‌వేర్ సిస్టమ్ మొత్తానికి ఇన్‌స్టాల్ కావాలన్నా, లోకల్ మెషిన్ పాలసీల్లో చేయి పెట్టాలన్నా పాస్‌వర్డ్ అడుగుతుంది. యూజర్ ఫోల్డర్‌లో దిగే చిన్న ప్రోగ్రాములు దీనికీ ఆగవు, కానీ నష్టం ఆ అకౌంట్ దాటి పోదు.

రెండు, కస్టమర్లకు క్రోమ్ గెస్ట్ మోడ్. అందులో ఎక్స్‌టెన్షన్లు ఉండవు, మూసేయగానే హిస్టరీ, లాగిన్‌లు పోతాయి. ఒకరి మెయిల్ ఇంకొకరికి తెరిచి ఉండే ప్రమాదమూ పోతుంది. కస్టమర్ అకౌంట్‌లో క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్ తెరిచి, టార్గెట్ చివర ఒక ఖాళీ వదిలి, రెండు హైఫన్లు, వెంటనే గెస్ట్ అని ఆంగ్లంలో కొట్టండి. ఆ బొమ్మ నొక్కితే ఎప్పుడూ గెస్ట్‌గానే తెరుచుకుంటుంది.

డౌన్‌లోడ్ల విషయం మీ దగ్గర పనిచేసే అబ్బాయికి తెర ముందు కూర్చోబెట్టి చూపించండి. డ్రైవర్ పేజీలో పెద్ద పచ్చ బటన్ ఉంటుంది, డౌన్‌లోడ్ నౌ అని. దాని కింద సన్నని అక్షరాలతో అడ్వర్టైజ్‌మెంట్ అని ఉంటుంది. అసలు లింకు ఎక్కడో పక్కన మామూలు నీలం అక్షరాల్లో ఉంటుంది. ఇన్‌స్టాలర్ తెరిస్తే ఎక్స్‌ప్రెస్, పక్కనే రికమెండెడ్ అని చుక్క ముందే పెట్టి ఉంటుంది. కింద కస్టమ్ అనేది బూడిదరంగులో, పనిచేయనిదేమో అనిపించేలా ఉంటుంది. పనిచేస్తుంది. కస్టమ్ నొక్కితేనే లోపల ముందే పెట్టిన టిక్కులు బయటపడతాయి. వాటిని తీసేస్తేనే మనకు కావాల్సింది ఒక్కటే దిగుతుంది. ఇంకో తెరలో అక్సెప్ట్ రంగుల్లో, డిక్లైన్ మసకగా ఉంటాయి. డిక్లైన్ నొక్కినా అసలు సాఫ్ట్‌వేర్ ఆగదు, పక్కన అంటుకున్నది మాత్రమే ఆగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియకే చాలామంది అక్సెప్ట్ నొక్కుతున్నారు.

డ్రైవర్ అయితే ప్రింటర్ కంపెనీ సొంత సపోర్ట్ సైటు, లేదా విండోస్ అప్‌డేట్. డ్రైవర్ అప్‌డేటర్ అనేది ఏదీ వద్దు.

పాఠాల_పంతులు (అనంతపురం)

డీటీపీ వాళ్లకు ఇంకో దారి నుంచి కూడా వస్తుంది. ఫాంట్లు, క్రాక్ చేసిన ఫోటోషాప్. క్రాక్ ఫైలుతో పాటు ఇచ్చే కాగితంలో మొదటి లైనే "ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అని ఉంటుంది. తాళం మనచేతే తీయిస్తారన్నమాట. చిన్న పనులకు జింప్, బ్రౌజర్‌లో నడిచే ఫోటోపీ సరిపోతాయి. తెలుగు ఫాంట్లకైతే అడ్డదారులు పట్టాల్సిన పనే లేదు. మండలి, రామభద్ర, పెద్దన, శ్రీకృష్ణదేవరాయ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతాయి. శుభలేఖకు పెద్దన చాలా అందంగా ఉంటుంది, వేసి చూడండి.

పీడీఎఫ్ మార్చే ఉచిత సైట్ల మీద 2025 మార్చిలో అమెరికా ఎఫ్‌బీఐ కూడా హెచ్చరించింది, కొన్ని అడిగిన పని చేసిపెడుతూనే మాల్‌వేర్ దించుతున్నాయని. వర్డ్ ఫైలును పీడీఎఫ్ చేయడానికి బయటి టూల్ అక్కర్లేదు. వర్డ్‌లోగానీ లిబ్రేఆఫీస్‌లోగానీ ఆ సదుపాయం ఉంది. ఆధార్, మార్కుల లిస్టు లాంటివి తెలియని కన్వర్టర్ సైట్లలోకి ఎక్కించడం అసలే వద్దు, అవి మన కాగితాలు కావు.

ఆదోని_పత్తి (ఆదోని)

మా దగ్గర ఇంకా విండోస్ 7 ఉంది అన్నా. ఇవన్నీ దానికీ పనిచేస్తాయా?

బురుజు_సర్వీస్ (కర్నూలు)

కొన్ని పనిచేస్తాయి తమ్ముడూ, కానీ దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించొద్దు. విండోస్ 7కు 2020 జనవరిలోనే సపోర్ట్ ఆగిపోయింది. క్రోమ్ కూడా 109వ వెర్షన్ దగ్గరే నిలిచిపోయింది. పాత ప్రింటర్ పనికి ఆఫ్‌లైన్‌లో వాడుకో. విండోస్ 10కు కూడా మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. సిస్టమ్ ఒప్పుకుంటే 11కు మారాలి, లేదంటే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో నమోదు చేసుకోవాలి. అక్కా, మీ సిస్టమ్ ఏదో కూడా చూసుకోండి.

ఏడురోడ్ల_డీటీపీ (కడప)

మాది 11 అన్నా. కస్టమర్ అకౌంట్ చేశాను, గెస్ట్ బొమ్మ పెట్టాను. అబ్బాయిని కూర్చోబెట్టి ఆ పచ్చ బటన్ చూపించాను. "అక్కా, డిక్లైన్ కొడితే ప్రింటర్ పనిచేయదేమోననుకున్నా" అన్నాడు. ఒక్క ప్రశ్న. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌ల సంగతి ఏంటి? ఒక్కరూ మెయిల్ చేయరు, అందరూ పెన్‌డ్రైవే తెస్తారు.

బురుజు_సర్వీస్ (కర్నూలు)

విండోస్ సెట్టింగ్స్‌లో, పెన్‌డ్రైవ్ పెట్టగానే తనంతట తానే తెరిచే ఆటోప్లే ఆఫ్ చేయండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూ, షో కింద ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేయండి. అప్పుడు ఫోల్డర్ బొమ్మ వేసుకుని ఉన్న ఈఎక్స్‌ఈ, అంటే ప్రోగ్రామ్ ఫైలు పేరు చివర బయటపడిపోతుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానిమీద కుడి క్లిక్ చేసి స్కాన్, ఆ తర్వాతే తెరవడం. షార్ట్‌కట్ గుర్తుతో ఉన్న ఫోల్డర్ కనిపిస్తే నొక్కొద్దు.

ఇంకొకటి, ఇప్పుడు సిస్టమ్ శుభ్రంగా ఉంది కాబట్టి ఈ వారంలోనే చేయండి. అనూ సెటప్, ఫాంట్లు, పెళ్లి కార్డుల ఫైళ్లు అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, కేబుల్ పీకి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచొద్దు. రేపు ఎవరైనా ఫార్మాట్ తప్ప దారి లేదంటే సరేనని చెప్పగలుగుతారు.